నాలుగో లాడం

మార్చి 4

ఇవాళ మూడు గుర్రాలు. పన్నెండు గిట్టలు. నడుము నాది కాదన్నట్టుంది. భోజనానికి కూర్చున్నవాణ్ణి మళ్లీ లేవలేకపోతే మా ఆవిడ చెయ్యిచ్చి లేపింది.

"యాభై ఆరేళ్లొచ్చాక ఈ వంగుడు పని ఎందుకండీ మీకు" అంది.

వేరే పని రాదు కనక, అన్నాను.

మార్చి 6

పశువుల డాక్టరమ్మ ఫోన్ చేసింది. పన్నెండేళ్లుగా ఆవిడతో కలిసి పని చేస్తున్నాను. ఊరికే కబుర్లకి ఫోన్ చేసే మనిషి కాదు.

"మీ అక్కగారి గుర్రం మీద ఫిర్యాదు వచ్చిందండీ. ఉత్తరాలిచ్చే అతను శాల తలుపు సందులోంచి చూశాడట. గిట్టలు పెరిగిపోయి పైకి తిరిగాయంటున్నాడు. నేను వెళ్లి చూసి కాగితం రాయాలి. మీరూ వస్తే నయం."

అక్క దగ్గరికి ఈ మధ్య వెళ్లడం కుదర్లేదని చెప్పాను. పని ఎక్కువగా ఉందన్నాను.

"ఈ మధ్య అంటే ఎన్నాళ్లు?"

కొన్నాళ్లుగా, అన్నాను.

ఫోన్ పెట్టేశాక మా ఆవిడ నావైపు ఒకసారి చూసి గిన్నెలు సర్దుకుంది. గిన్నెల చప్పుడు మామూలు కంటే కాస్త ఎక్కువగా ఉంది.

మార్చి 7

ఈ చుట్టుపక్కల లాడాలు వేసేవాళ్లు నేను కాక ఇంకా ఇద్దరున్నారు. అక్క వాళ్లలో ఎవర్నో ఒకర్ని పిలిపించుకునే ఉంటుందనుకున్నాను. నేను వెళ్లనంత మాత్రాన గుర్రం అలాగే ఉండిపోతుందని ఎవరనుకుంటారు? ఎవరూ అనుకోరు.

మార్చి 9

వెళ్లాం.

అక్క తలుపు తీసి "వచ్చావా" అంది. అంతే. జుట్టు మొత్తం తెల్లబడింది. నాకంటే ఏడేళ్లే పెద్ద, ఇవాళ చూస్తే అమ్మ నిలబడ్డట్టనిపించింది.

అక్కా బావా ముప్ఫై ఏళ్లు ఆ శాల నడిపారు. కాళ్లు సరిగ్గా రాని పిల్లల్ని గుర్రాలెక్కించి తిప్పేవాళ్లు. ఒకప్పుడు నాలుగు గుర్రాలుండేవి. బావ పోయాక మూడింటిని పంపించేసింది. మిగిలింది ఈ ఆడగుర్రం ఒక్కటే. ఒంటి రంగుని బట్టి బావ దానికి బూడిదమ్మ అని పేరు పెట్టాడు.

శాల శుభ్రంగా ఉంది. నేల మీద కొత్త గడ్డి, కడిగిన తొట్టి, తలుపు పక్కన చీపురు. ఒళ్లు నిగనిగలాడేలా బ్రష్ చేసి ఉంది. మోకాళ్ల దాకా చూస్తే దాన్ని పోటీకి తీసుకెళ్లొచ్చు.

మోకాళ్ల కింద చూడలేకపోయాను. నాలుగు గిట్టలూ ముందుకు సాగి, అటూ ఇటూ పగిలి, పాతకాలపు చెప్పుల ముక్కుల్లా పైకి తిరిగాయి. డాక్టరమ్మ పగ్గం పట్టి ఒక్క అడుగు వేయించింది. బూడిదమ్మ తనవి కాని పెద్ద చెప్పులు వేసుకున్న మనిషిలా మడమల మీద నడిచింది. రెండో అడుగు వేయనంది. వెనక లాడాలు ఎప్పుడో ఊడిపోయాయి. ముందువి రెండూ తుప్పుపట్టి, పెరిగిన గిట్టలోకి దిగబడి ఉన్నాయి.

"ఆఖరిసారి గిట్టలు ఎప్పుడు కోయించారండీ?" అంది డాక్టరమ్మ.

"గుర్తులేదమ్మా."

"ఎవరు చేశారు?"

నేను గుర్రం ముందు ఎడమ కాలు ఒళ్లో పెట్టుకుని వంగి ఉన్నాను. అక్క నావైపు చూడలేదు.

"ఎవరో దారిన పోయే మనిషి. తెలీదు" అంది.

నేను చేసే ప్రతి లాడానికీ మడమ దగ్గర రెండు చుక్కలు పొడుస్తాను. నాన్న నేర్పిన అలవాటు. తుప్పు కింద అవి కనిపిస్తూనే ఉన్నాయి. కాలు కింద పెట్టేశాను.

డాక్టరమ్మ ఎక్స్‌రే తీసింది. ముందు ఎడమ గిట్ట లోపల ఎముక కొన కిందికి వాలిందట. "మూడు నెలలు చూద్దాం. అప్పటికి నొప్పి లేకుండా నిలబడగలిగితే సరే. లేకపోతే నిద్రపుచ్చడమే దానికి మేలు" అంది. గుర్రం అక్క దగ్గర ఉండొచ్చో లేదో ఆ కాగితం చూసి పశువుల శాఖ ఆఫీసువాళ్లు తేలుస్తారట.

అక్క సరేనని తలూపి, తొట్టిలో నీళ్లు మార్చడానికి వెళ్లిపోయింది.

మార్చి 10

అబద్ధం చెప్పింది నేను కాదు, అక్క.

మార్చి 12

మొదటి కోత.

రెండ్రోజులు తడి గోనెలు చుట్టి ఉంచమన్నాను. అక్క చుట్టి ఉంచింది, కాబట్టి కత్తి కాస్త దిగింది. అయినా పైపొర కొయ్యలా ఉంది. చివర్లకి రంపం పెట్టాల్సి వచ్చింది. అంత పెరిగినదాన్ని ఒకే రోజు మామూలు కొలతకి తెచ్చేస్తే లోపలి నరాలు తట్టుకోలేవు, గుర్రం నిలబడలేదు. కొంచెం కోసి, దించి, నిలబెట్టి, దాని మొహం చూసి, మళ్లీ కొంచెం. మూడు వారాలకోసారి, అలా నాలుగైదు సార్లు. కంగారుపడితే కుదిరే పని కాదు.

గిట్ట నెలకి గోరంత పెరుగుతుంది. పెరిగినప్పుడల్లా ఒక గీత మిగులుతుంది. తెలిసినవాడు ఆ గీతల్ని చదవగలడు. కుడి గిట్ట మీద లెక్కపెట్టాను. పదహారు.

ఈ పనిలో పగ్గం పట్టుకునే మనిషి ఉంటే సగం బరువు తగ్గుతుంది. నేను పగ్గాన్ని గోడ కొక్కేనికి కట్టుకున్నాను. అక్కని అడగలేదు. అక్క కూడా శాలలోకి రాలేదు, వంటింట్లోనే ఉంది.

మూడు గిట్టలు చేశాను. ముందు ఎడమది వదిలేశాను. నడుము పట్టేసింది.

మార్చి 13

నడుమే. ఇంకేం కాదు.

మార్చి 19

వేరే చోట నాలుగు గుర్రాలు. అటు వెళ్లడానికి కుదర్లేదు.

మార్చి 27

డాక్టరమ్మ చూసి వచ్చిందట. ఫోన్‌లో గొంతు గట్టిగానే ఉంది.

"అన్నిటికన్నా పాడైంది ముందు ఎడమది. దాన్నే వదిలేశారేంటండీ?"

నడుము, అన్నాను.

"మూడు కాళ్లకి బాగున్న నడుము నాలుగో కాలికే పట్టేసిందా?"

రేపు వెళ్తానన్నాను.

మార్చి 28

వెళ్లాను. ఎడమ కాలు ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాను. పట్టుకారు లాడం కిందకి పోనిచ్చాను. లాడం లాగకుండానే పట్టుకారు బయటికి తీసేశాను. కాలు కింద పెట్టి, సామాను వ్యాన్‌లో వేసుకుని వచ్చేశాను. అక్క కిటికీలోంచి చూసింది.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. కాబట్టి రాస్తాను.

పదహారు నెలల కింద, నవంబరులో. పొద్దున్న పదింటికి మొదలుపెట్టాం. ఎప్పటిలాగే బావ పగ్గం పట్టుకున్నాడు. బావ నన్ను సుత్తి అని పిలిచేవాడు. చేతిలో ఉన్నదాని వల్ల సగం, నోట్లోంచి వచ్చేదాని వల్ల సగం అనేవాడు. మూడు లాడాలు అయ్యాయి. నాలుగోది, ముందు ఎడమది, కొలిమిలోంచి తీసి సరిచేసుకుని నోట్లో మేకులు పెట్టుకుని వంగాను.

"ఒరే సుత్తీ, ఇక్కడేదో పట్టేసినట్టుందిరా" అన్నాడు.

తలెత్తి చూశాను. చూడలేదని చెప్పుకోవడానికి లేదు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. నుదురంతా చెమట. మొహం గోడకి కొట్టే సున్నంలా ఉంది.

"ఒక్క లాడమే బావా. కూర్చో, అయిపోతుంది" అన్నాను. మేకుల మధ్య నుంచే అన్నాను.

బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. పగ్గం వదల్లేదు. నేను మేకులు కొట్టాను. బయటికొచ్చిన కొనలు విరిచి మడిచాను. ఆకురాయితో అంచులు నున్నగా రుద్దాను. రుద్దడం అక్కర్లేదు. నలుగురూ చూసినప్పుడు బాగుండాలని రుద్దుతాం. ఒక లాడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, నాకు బాగా తెలుసు. తలెత్తేసరికి పగ్గం కింద పడి ఉంది, బావ అరచెయ్యి తెరుచుకుని ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు "నొప్పి మొదలై ఎంతసేపైంది" అని అడిగాడు.

"ఇప్పుడే" అన్నాను.

అక్క నా పక్కనే ఉంది. బావ మూడింటికి పోయాడు.

మళ్లీ ఆరు వారాలకి నేను వెళ్లాల్సింది. నేను కాకపోతే ఆ గుర్రానికి ఎవరు చేస్తారు? ఇంకెవర్నో పిలిపించుకుంటుందని నేను నిజంగా ఏనాడూ అనుకోలేదు.

మార్చి 30

మా ఆవిడ కాఫీ ఇచ్చి పక్కన కూర్చుంది.

"అక్కడేం జరిగిందో మీరు చెప్పలేదు, నేను అడగలేదు. పదహారు నెలలుగా ఆ దారిలో ఏ పనొచ్చినా ఇంకొకరికి అప్పగిస్తున్నారు. నిద్దట్లో పళ్లు నూరుతున్నారు. అదేదో వదినకి చెప్పేయండి. ఆవిడ తిడితే తిట్టనివ్వండి. కనీసం పళ్లైనా మిగులుతాయి."

నవ్వొచ్చింది. తర్వాత చాలాసేపు నవ్వు రాలేదు.

ఏప్రిల్ 2

చెప్పాను.

సామాను దించకుండా ముందు వంటింటి వైపు వెళ్లాను. అక్క వెనక మెట్ల మీద కూర్చుని తడి గోనెలు పిండుతోంది. నేను నిలబడే చెప్పాను. బావ నొప్పంటే నేను కూర్చోమన్నాను, లాడం పూర్తి చేశాను, ఆసుపత్రిలో ఇప్పుడే అన్నాను, ఇరవై నిమిషాలు. పొద్దుటినుంచి మనసులో పేర్చుకున్నదంతా నాలుగు ముక్కల్లో అయిపోయింది.

అక్క గోనె పిండడం ఆపలేదు.

"చూశాన్రా" అంది. "కిటికీ దగ్గరే ఉన్నాను. ఆయన బకెట్ మీద కూర్చోవడం చూశాను."

నేను కింది మెట్టు మీద కూర్చున్నాను.

"నువ్వు పని మొదలుపెట్టకముందే నాకు చెప్పారు. మంచినీళ్లకని వంటింట్లోకొచ్చి, ఛాతీలో బిగపట్టినట్టుందే అన్నారు. రాత్రి తిన్నది అరిగుండదు, వాడొచ్చేశాడు, వెళ్లి పగ్గం పట్టుకోండి అన్నాను. నేనే పంపించాను. నీకంటే గంట ముందు తెలుసు నాకు."

గోనె బకెట్‌లో వేసి చేతులు తుడుచుకుంది.

"నువ్వు ఇప్పుడే అన్నప్పుడు నేనెందుకు నోరెత్తలేదనుకున్నావు? నువ్వు నీ గురించి అన్నావు. నాకు మాత్రం నన్ను కాపాడినట్టయింది. ఆ తర్వాత నువ్వు రాకపోతే బాగుణ్ణనిపించేది. వస్తే ఇది చెప్పాల్సి వస్తుందని. నువ్వు రాలేదు. రాకపోయేసరికి, వీడికి తెలిసిపోయింది, అందుకే నా మొహం చూడ్డం లేదనుకున్నాను."

"మరి గుర్రానికి ఇంకొకర్ని పిలవచ్చుగా అక్కా" అన్నాను.

"పిలిచాను. ఒకతను వచ్చాడు కూడా. పట్టుకారు తీసి లాడం మీద పెట్టగానే వద్దని పంపించేశాను. ఆయన పట్టుకుని వేయించిన లాడాలు, పీకించబుద్ధి కాలేదు. వచ్చే నెల చూద్దాం అనుకున్నాను. ప్రతి నెలా అలాగే అనుకున్నాను. కాళ్లకేసి చూడ్డం మానేశాను. పైన తోమేదాన్ని. రోజుకి రెండుసార్లు తోమేదాన్ని."

వంటింట్లో కుళాయి కారుతున్న చప్పుడు.

"ఇంకేమైనా అన్నారా ఆయన? కూర్చున్నాక?" అంది అక్క.

అన్నాడు. అదీ నేను ఎవరికీ చెప్పలేదు. "ఇది బాగా బరువెక్కిందిరా, మేత తగ్గించమను మీ అక్కని" అన్నాడు. నేను ఊఁ అన్నాను.

అక్క మొహం ఒక్కసారి ముడుచుకుంది. ఏడుస్తుందనుకున్నాను. "తగ్గించలేదు" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నేను పక్కకి తిరిగి గోనెల బకెట్ ఎత్తుకున్నాను.

ఇరవై నిమిషాల ముందు తీసుకెళ్తే బావ బతికేవాడా? గంట ముందైతే? ఎవరూ చెప్పలేరు. అక్క నాకేమీ మాఫీ చేయలేదు, నేనూ అక్కకి చేయలేదు. అడిగితే కదా ఇచ్చేది.

శాలలోకి అక్క నా వెంట వచ్చింది. కొక్కేనికున్న పగ్గం విప్పి చేతిలోకి తీసుకుంది. నేను ఎడమ కాలు ఎత్తుకున్నాను. లాడం రెండు మేకుల మీద వేలాడుతోంది. రెండు లాగుళ్లకి వచ్చేసింది. కింద అంతా నల్లగా కుళ్లింది. కత్తి కొనతో పగులు వెంట తవ్వితే చీము కారింది. ఆ వాసనకి అక్క పైట ముక్కుకి అడ్డం పెట్టుకుంది గాని పగ్గం వదల్లేదు. కాలు కింద పెట్టాక బూడిదమ్మ పెద్దగా ఊపిరి వదిలి, నెలల తరబడి సరిగ్గా మోపని ఆ కాలి మీద మెల్లగా బరువు వేసింది.

ఆ ఏడుపు, ఆ దిగులు మేమిద్దరం దాని కాళ్ల మీద పెట్టి ఊరుకున్నాం. అది మోసింది.

ఏప్రిల్ 5

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఆఖరి లాడాలు నావే, ఆరు వారాలకి రావలసినవాణ్ణి రాలేదు, అక్క అబద్ధం చెప్పింది నా కోసం అన్నాను.

"రెండు చుక్కలు నేనూ చూశానండీ. మీరే చెప్తారేమోనని కాగితం పంపకుండా ఆపాను. ఇంకో వారం చూసి నేనే రాసేసేదాన్ని" అంది.

ఇద్దరి పేర్లూ రాస్తానంది. రాయమన్నాను.

ఏప్రిల్ 23

రెండో కోత. అక్క పగ్గం పట్టుకుంది. మేత సగం చేసిందట. బూడిదమ్మ నన్నూ అక్కనీ కలిపి కోపంగా చూస్తోంది.

ఏప్రిల్ 29

ఆఫీసు నుంచి ఉత్తరం. గుర్రాన్ని అక్క దగ్గరే ఉంచొచ్చు, డాక్టరమ్మ నెలనెలా చూడాలి. నాకు విడిగా ఒక హెచ్చరిక. స్వారీ నేర్పే పెద్ద శాలవాళ్లకి ఈ సంగతి తెలిసింది. ఇక రావద్దన్నారు. మర్యాదగానే అన్నారు. ఇరవై రెండేళ్లు చేశాను అక్కడ.

మా ఆవిడ "నడుముకి సెలవు" అంది. తర్వాత చాలాసేపు నా వీపు మీద చెయ్యి తీయలేదు.

మే 14

బూడిదమ్మ పొద్దుటినుంచి లేవలేదు. జ్వరం. ఎడమ కాలు మళ్లీ వేడిగా ఉంది. డాక్టరమ్మ మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూసింది. "ఇంజెక్షన్ ఇస్తాను. మూడు రోజులు. అప్పటికీ లేవకపోతే ఇంక దాన్ని బాధపెట్టొద్దు" అంది.

అక్క దాని మెడ దగ్గర గడ్డిలో కూర్చుంది. నేను ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చున్నాను.

మే 15

లేవలేదు. నీళ్లు తాగింది.

మే 16

లేవలేదు. అలిసిపోయాను. దాన్ని చూసి కాదు. ఆ ఎడమ గిట్ట మొదటి రోజే చేసి ఉంటే అన్న మాట మళ్లీ మొదటి నుంచీ మొదలైనందుకు.

మే 17

డాక్టరమ్మ సంచితో వచ్చేసరికి బూడిదమ్మ లేచి నిలబడి ఉంది. కాళ్లు వణుకుతున్నాయి. అక్క తొట్టి పక్కన నిలబడి "పొద్దున్న ఆరింటికి లేచిందమ్మా, నేనేం చేయలేదు" అంది, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు.

జూన్ 6

మూడు నెలలు అయింది. ఎక్స్‌రేలో ఎముక అంతకు మించి వాలలేదు. పై నుంచి కొత్త గిట్ట తిన్నగా దిగుతోంది, కిందిదాకా రావడానికి ఇంకో ఏడెనిమిది నెలలు పడుతుంది. ఇక ఎవర్నీ మోయలేదు. పరిగెత్తలేదు. నడుస్తుంది. నిద్రపుచ్చే మాట డాక్టరమ్మ ఎత్తలేదు, మేమూ అడగలేదు.

వెనక కాళ్లకి లాడాలు అక్కర్లేదంది. ముందు రెంటికీ వేయాలి, కింద తోలు పెట్టి, మడమకి ఆసరా ఇచ్చి. కొలిమి వెలిగించాను. వేడి లాడం గిట్టకి ఆనించగానే పొగ లేచింది. అక్క దగ్గింది. కుడిది అయింది. ఎడమదానికి మూడు మేకులు కొట్టాను. నడుములో కత్తి గుచ్చినట్టైంది, పళ్లు బిగించి నాలుగోది తీసుకున్నాను.

"ఆపు" అంది అక్క.

"ఇంకా మూడే ఉన్నాయక్కా."

"ఆపమన్నానా. కాలు కింద పెట్టు."

పెట్టాను. మూడు మేకులతో లాడం ఊడిపోదు, ఆ కాసేపట్లో గుర్రానికి ఏమీ కాదు. నలభై ఏళ్లుగా ఈ పని చేస్తూ, మధ్యలో ఆపొచ్చని నాకెప్పుడూ తోచలేదు. గడ్డి మోపు మీద వెల్లకిలా పడుకున్నాను. అక్క టీ తెచ్చింది. గంట తర్వాత లేచి మిగిలిన మూడూ కొట్టాను. అంచులు రుద్దలేదు.

సాయంత్రం అక్క పగ్గం పట్టుకుని దాన్ని శాల బయటికి తెచ్చింది. గేటు దాకా నడిచింది. ఉత్తరాలిచ్చే అతను సైకిల్ ఆపి నిలబడ్డాడు. ఫిర్యాదు చేసింది తనేనని మాకు తెలుసని అతనికి తెలుసు. "బాగుందమ్మా ఇప్పుడు" అన్నాడు. అక్క "నువ్వు చూడబట్టే" అంది.

జూన్ 9

ఆదివారం. అక్క మా ఇంటికి వచ్చింది, పందొమ్మిది నెలల తర్వాత. మా ఆవిడ పొద్దుటినుంచి వంటింట్లోంచి బయటికి రాలేదు. భోజనానికి ఇంకా కొంచెం టైముందంటే, అక్క ముందుగదిలో కుర్చీలో కూర్చుని గుర్రం మేత గురించి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. మాట మధ్యలో నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది.

మా ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "అన్నీ చల్లారిపోతున్నాయి, లేపనా?" అని సైగ చేసింది.

వద్దన్నాను. అక్క లేచాక తిందామని ఎదురు కుర్చీలో కూర్చున్నాను.

మెలకువ వచ్చేసరికి నాలుగు దాటింది. అక్క ఇంకా నిద్రలోనే ఉంది. ఇద్దరి మీదా దుప్పట్లు కప్పి ఉన్నాయి.